గురువారం దీపం

రాని బండ్ల గురించి వచ్చిన జనానికి చెప్పడం నా ఉద్యోగం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఇరవయ్యారేళ్ళుగా అదే పని. "ఐదున్నర బస్సు ఏడింటికి వస్తుంది, కంగారు పడకండి, డ్రైవరు కూడా పడటం లేదు" అంటే జనం నవ్వుతారు. నవ్విన నోటితో తిట్టడం కష్టం. ఆలస్యం ఎందుకయిందని ఎవరూ అడగరు. ఈ కిటుకు ఇంట్లోనూ పనిచేస్తుందన్న ధీమాతో పాతికేళ్ళు కాపురం చేశాను. అలాంటి నా మైకుని ఆ వేసవిలో ఒక ముసలి స్పోర్ట్స్ కారు కట్టేసింది.

కారు మా మామగారిది. రెండే సీట్లు, ఆకుపచ్చ రంగు, నేలకి జానెడెత్తు. ఇంటిల్లిపాదీ చిలక అంటాం. మా అమ్మాయి చిట్టి కంటే రెండేళ్ళు పెద్దది. మీట నొక్కితే ముందు లైట్లు రెండూ బానెట్‌లోంచి రెప్పలెత్తినట్టు లేవాలి. కుడిది లేస్తుంది, ఎడమది బద్ధకిస్తుంది. అందుకని మబ్బు పట్టిన రోజున వీధిలో చిన్నా పెద్దా చూడకుండా అందరికీ కన్ను కొట్టుకుంటూ పోతుంది. కారని పేరు పెట్టారు గానీ అది కారని చోటు లేదు. ఒకరోజు ఆయిలు కారేది, ఒకరోజు నీళ్ళు కారేవి, తోసే రోజున నాకు చెమట కారేది.

ఏడాదిగా దానికి కొత్త జబ్బు. స్టీరింగు వెనక, చిన్న ఇంజను బొమ్మ ఆకారంలో పసుపు దీపం వెలిగేది. మూడు నాలుగు రోజులుండి, దానంతటదే ఆరిపోయేది.

"వస్తుంది, తింటుంది, పోతుంది. అచ్చం మా అల్లుడే" అనేవారు మామగారు.

ఆయన నలభై ఏళ్ళు మెకానిక్. మేమంతా కలిసుండే ఇంటి ముందే షెడ్డు. మూరెడు స్క్రూడ్రైవరు మొనని నడుస్తున్న ఇంజను మీద, పిడిని చెవికి ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు వినేవారు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు అలిగిందో విని చెప్పేసేవారు. ఆయన చెవిన పడని శబ్దం లేదు, నా జోకులు తప్ప. అలాంటి చెవికి చిలక జబ్బు మాత్రం చిక్కలేదు. ఈ ఏడాది మోకాళ్ళు కూడా మొరాయించాయి. చిలకలో కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. షెడ్డు షట్టరు వారానికి రెండు రోజులే లేస్తోంది. పక్కనున్న టైర్లాయన గోదాముకి అడుగుతున్నాడు. వేసవి అయ్యేలోగా ఏదో ఒకటి చెబుతానని మామగారు మాటిచ్చారు.

సరిగ్గా అప్పుడే చిట్టి సంచీతో దిగింది.

"మానేశాను" అంది గుమ్మంలోనే. పెద్ద కార్ల షోరూములో రెండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం గురించి.

"మానేస్తే మానేశావు, మానవత్వం మానకు" అన్నాను నేను. అలవాటు.

చిట్టి నవ్వలేదు. "బండ్ల కరెంటు పని చదువుకుని వెళ్తే, వాళ్ళు నా చేత కాఫీలిప్పిస్తున్నారు నాన్నా. 'మీ కారు రెడీ సార్' అని ఫోన్లు చేయిస్తున్నారు. బానెట్ ఎత్తితే, నీకెందుకమ్మా మసి అంటారు." అని తాతగారి వైపు తిరిగింది. "తాతయ్యా, షెడ్డు నాకివ్వు. నేను నడుపుతా."

మామగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయారు. ముందు మాట్లాడింది మా ఆవిడ.

"వద్దు" అంది. ఆవిడ డ్రైవింగు స్కూల్లో నేర్పిస్తుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, వారానికి ఆరు రోజులు ఊరంతటినీ ముప్ఫైలో నడిపిస్తుంది. ఇంట్లో కూడా మా వేగం ఆవిడే చూస్తుంది. "ఈ తువ్వాళ్ళు ఉతికి ఉతికే మా అమ్మ చేతులు పోయాయి. ఇక చాలు."

"నా తువ్వాళ్ళు నేనుతుక్కుంటానమ్మా."

"ఆగండే ఇద్దరూ" అన్నారు మామగారు. "చిట్టీ, నీకు పని వచ్చో రాదో నాకెలా తెలుస్తుంది? ఏడాదిగా నా బండి జబ్బే నాకు దొరకలేదు. నువ్వు కనిపెట్టు. పార్టులు మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, అది పని కాదు. తప్పు ఎక్కడుందో నాకు చూపించి, అప్పుడు ముట్టుకో. ఈ వేసవిలోనే చిలకకి పొగ తనిఖీ ఉంది. అందులో గట్టెక్కించావా, షట్టరు తాళంచెవి నీది. లేకపోతే టైర్లాయనది."

"తనిఖీలో దీపం వెలిగి ఉంటే?" అని అడిగాను.

"వెలిగితే వెనక్కి పంపేస్తారు."

నా బుర్రలో ఆ ఒక్కమాటే దిగింది. దీపం వెలగకూడదు!

చిట్టి దగ్గర అరచేతిలో పట్టే స్కానరుంది. స్టీరింగు కింద దాని తీగ గుచ్చితే బండి తన రోగం పేరు ఒక అక్షరం, నాలుగంకెల్లో చెబుతుంది. దాన్నే కోడు అంటారు. "కోడి కూస్తే ఊరికి తెల్లారుతుంది, కోడు కూస్తే బండికి తెల్లారుతుంది" అన్నాను. మామగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. నవ్వు దాచుకోవడానికని ఇప్పటికీ నా నమ్మకం.

మొదటిరోజు స్కానరు గుచ్చితే బండి ఏమీ చెప్పలేదు. ఆ వారమే మామగారు కొత్త బ్యాటరీ వేయించారు. కరెంటు పోతే దాని జ్ఞాపకం పోతుందట.

"పరవాలేదు, మళ్ళీ వెలుగుతుందిగా" అంది చిట్టి. "వెలిగినప్పుడు కోడు ఒక్కటే కాదు తాతయ్యా, తప్పు జరిగిన క్షణాన్ని ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. ఎంత వేగం, ఇంజను ఎన్ని చుట్లు, ఎంత వేడి, అన్నీ."

"పెట్టె చెప్పేది పెట్టె చెబుతుంది. బండి చెప్పేది వినాలి" అన్నారాయన, స్క్రూడ్రైవరు తీస్తూ.

నా భాగవతం ఇక్కడ మొదలవుతుంది.

గురువారం మా ఆవిడకి సెలవు. ఆ పూటే చిట్టి తాతగారిని మోకాళ్ళ వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకెళ్ళేది. వాళ్ళు అటు వెళ్ళగానే మా ఆవిడ చిలక తాళం తీసుకునేది. "కదలకుండా ఉంటే బిగుసుకుపోతుంది. పాల దుకాణం దాకా తిప్పి తెస్తా."

పాల దుకాణం వీధి చివరే. ఆవిడ గంటకి వచ్చేది. గేదెని వెతికి, మచ్చిక చేసుకుని, పితికి తెచ్చినా అంతసేపు పట్టదు. ఎందుకాలస్యమని నేను అడగలేదు. ఆలస్యాల గురించి అడగడం నా వృత్తిధర్మం కాదు.

"లోపల పెట్టండి" అని తాళం నా ఒళ్ళో పడేసి స్నానానికి పోయింది. కూర్చుని తాళం తిప్పానో లేదో, పసుపు దీపం. నా గుండె జారి పక్క సీట్లో పడింది.

బస్టాండులో ఒక పాత డ్రైవరు ఎప్పుడో చెప్పాడు: "సార్, దీపం వెలిగితే బ్యాటరీ తీగ ఐదు నిమిషాలు పీకెయ్యండి, పోతుంది." పదో నంబరు పానా తెచ్చి, నట్టు వదులు చేసి, తీగ పీకి, ఒక సోడా తాగినంతసేపు ఆగి బిగించాను. తాళం తిప్పితే దీపం లేదు. ఇంత సులువైన పనికి మామగారు ఏడాది చెవులు ఎందుకు నొప్పెట్టుకున్నారో అనుకున్నాను. అమ్మాయికి సాయం చేశానని ఆ రోజు బస్టాండులో మైకు పగిలేలా జోకులేశాను.

పై గురువారమూ అంతే, ఆపై గురువారమూ అంతే. పానా నా టిఫిను డబ్బా సంచీలో కాపురం పెట్టింది. మా ఆవిడా దీపం చూసే ఉండాలి. అది వచ్చిపోయేదేగా అని ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

చిట్టి మాత్రం నీరసపడిపోయింది. వారమంతా నడిపినా దీపం వెలగదు. రోజూ స్కానరు గుచ్చి చూసి, రోజూ మూతి ముడిచేది.

"బండి తనని తాను పరీక్ష చేసుకుంటుంది తాతయ్యా. ఎనిమిది పరీక్షలు. ఒక వారం తిప్పితే అన్నీ పూర్తవ్వాలి. బుధవారానికి ఏడు పూర్తయ్యాయి. శుక్రవారం చూస్తే ఏడూ మళ్ళీ మొదటికొచ్చాయి."

"గడియారం కూడా" అన్నారు మామగారు, కిటికీలోంచి తల దూర్చి. "మొన్న సరిచేశాను. మళ్ళీ తప్పు చూపిస్తోంది."

"ముసలిది కదా, మతిమరుపు" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నారు.

తనిఖీ శుక్రవారం పడింది. ముందురోజు గురువారం కాబట్టి నా పని నేను శ్రద్ధగా చేశాను. చిట్టి నడిపింది, నేను పక్కన. తనిఖీ కేంద్రంలో గళ్ళచొక్కా అధికారి మా డ్యాష్‌బోర్డు చూసి, దీపం లేదని తలాడించాడు. నేను చిట్టి వైపు గర్వంగా చూశాను. ఆయన తీగ గుచ్చి తెర చూసి, ఇంకోసారి గుచ్చాడు.

"దీపం లేదు, కోడు లేదు. దీనికసలు ఏమీ లేదమ్మా. ఇప్పుడే పుట్టినట్టుంది. బ్యాటరీ తీగ ఎప్పుడు పీకారు?"

"పీకలేదండీ."

"ఎవరో పీకారు. నిన్న పీకి ఉంటారు" అన్నాడాయన మామూలుగా, రోజూ చూసేవాడిలాగా. "పరీక్షలు పూర్తికాకుండా నేను పాస్ చెయ్యలేను. గడువు ఇంకా రెండు వారాలుంది. ఆఖరి శుక్రవారం రండి. అప్పుడూ ఇంతే అయితే ఇక రోడ్డు మీదకి తేవద్దు."

తిరుగుదారిలోనూ చిట్టే నడిపింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. దుమ్ము అని చెప్పలేదు, నేనడగలేదు. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. నేను లాగిన తీగకి డొంకే మాయమైంది. నోటి చివర రెండు జోకులు వచ్చి నిలబడ్డాయి. రెంటినీ మింగాను. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడు సంచీలోంచి పానా తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను.

చిట్టి పానా వంక చూసింది. పచ్చలైటు పడింది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"నువ్వా" అంది.

"దీపం లేకపోతే నువ్వు పాసవుతావనుకున్నా."

రెండు వీధులు దాటించింది. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు అన్నిటికీ ఇదే చేస్తావు నాన్నా."

తిట్టినా బాగుండేది.

ఇంకో వీధి దాటాక ఉన్నట్టుండి బండి పక్కకి ఆపింది. "ఆగు. పీకావంటే వెలిగిందన్నమాట. నేను వారమంతా నడిపితే వెలగనిది నీకెప్పుడు వెలిగింది?"

"గురువారాలు."

"గురువారాలే ఎందుకు?"

ఈ ప్రశ్న నేను ఎప్పుడో అడగాల్సింది. "ఆ రోజు మీ అమ్మ పాలకి వెళ్తుంది" అన్నాను.

ఇంటికెళ్ళి మామగారికి నా నోటితోనే చెప్పాను. ఆయన పానాని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు అల్లుడూ. ఆర్పేసి చక్కబెట్టుకోమని ఎవరూ అనలేదు." తర్వాత, ఆయన చూపు నేల మీదకి దిగింది. "నేను మాత్రం ఏం చేశాను! వెలిగితే విన్నాను. ఆరితే హమ్మయ్య అనుకున్నాను."

మా ఆవిడకి మేం ముగ్గురం ఏమీ చెప్పలేదు. అదొక్కటీ చిట్టి షరతు. "చెబితే పాల దుకాణం దాకానే వెళ్ళొస్తుంది" అంది.

పై గురువారం ఎవరూ ఆసుపత్రికి వెళ్ళలేదు. వెళ్ళినట్టు వెళ్ళి వీధి మలుపులో గోడ పక్కన నిలబడ్డారు తాతా మనవరాలూ. గంటకి చిలక వచ్చింది. తాళం నా ఒళ్ళో పడింది. దీపం వెలుగుతోంది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. నా జన్మలో ఏ పనీ చెయ్యకుండా ఉండడానికి అంత కష్టపడలేదు.

చిట్టి పరిగెత్తుకొచ్చి స్కానరు గుచ్చింది. మామగారు స్టూలు లాక్కుని కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"వచ్చింది తాతయ్యా! ఇంజనుకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ."

"గాలెక్కువ, సరుకు తక్కువ! అది నా జాతకం" అన్నాను. ఈసారి చిట్టి పక్కున నవ్వింది. తనిఖీ తర్వాత మొదటిసారి.

"ఫోటో చూడు" అన్నారు మామగారు. ఆయన నోట ఆ మాట మొదటిసారి.

"ఇంజను నాలుగువేల తొమ్మిదివందల చుట్లు. వేగం..." చిట్టి తెర మీద వేలితో తుడిచి మళ్ళీ చూసింది. "నూట ఆరు."

అప్పుడే మా ఆవిడ తడిజుట్టుతో బయటికొచ్చింది. ముగ్గురం అటు తిరిగాం.

"పాల దుకాణం దాకా నూట ఆరా అమ్మా?" అన్నారు మామగారు.

ఆవిడ ముఖంలో రంగులు మారాయి. నా వైపు చూసింది. నేను చిలక వైపు చూశాను. చిలక ఎటూ చూడలేదు.

"పై వంతెన మీద" అంది చివరికి. "పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. ఎక్కేచోట మూడో గేరులో ఒక్కసారి పూర్తిగా తొక్కుతాను. అవతల దిగి, బండి ఆపి, ఒక టీ తాగి, మళ్ళీ అలాగే వస్తాను." గొంతు తగ్గింది. "ఆరు రోజులు పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెడతాను నాన్నా. ఒక్కరోజు యాక్సిలరేటరు మీద పెట్టుకుంటాను."

తండ్రి కూతుర్ని చాలాసేపు చూశారు.

"నాలుగో గేరు ఎందుకెయ్యలేదు?"

"వంతెన అయిపోతుంది" అంది ఆవిడ, ముఖం తిప్పుకుని. కానీ పెదవి చివర ఏదో ఉంది.

ఏడాది నుంచీ ఆవిడ వెలిగించడం, గత కొన్ని వారాలుగా నేను ఆర్పడం. ఒకే ఇంట్లో, ఒకే గురువారం, ఒకరికొకరు చెప్పుకోకుండా. పాతికేళ్ళ సంసారం అంటే ఇదే కాబోలు.

చిట్టి అప్పటికే బానెట్ ఎత్తేసింది. "అందుకే మనకి దొరకలేదు తాతయ్యా. గట్టిగా తొక్కితే ఇంజను తన పీఠాల మీద ఒక పక్కకి ఒరుగుతుంది. మనం మెల్లగా నడుపుతాం, అది ఒరగదు. అమ్మా, నువ్వే కూర్చోవాలి. బండి కదలకూడదు, ఇంజను మాత్రం లాగాలి. క్లచ్ అంత సున్నితంగా వదలడం నాకు రాదు."

మా ఆవిడ తడిజుట్టు ముడేసుకుని ఎక్కి కూర్చుంది. చక్రాలకి నేను చెక్కలు అడ్డం పెట్టాను. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు వేసి, ఆవిడ క్లచ్‌ని వెంట్రుకవాసి చొప్పున వదిలింది. ఇంజను మూలిగి, నిద్రలో పక్కకి తిరిగినట్టు ఒరిగింది.

గాలి లోపలికి పోయే చోట, హార్మోనియం తిత్తిలాంటి ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. దాని అడుగున, మా ఆవిడ చేతిసంచీలోని అద్దం పట్టుకుని టార్చి వేసింది చిట్టి. రెండు ముడతల మధ్య రబ్బరు పెదవుల్లా విచ్చుకుంది. మా ఆవిడ క్లచ్ తొక్కింది. మూసుకుంది. మళ్ళీ వదిలింది. విచ్చుకుంది.

మామగారు స్క్రూడ్రైవరు చెవికి ఆనించి వంగారు. "ఉస్సుమంటోంది" అన్నారు. ఇంజను ఆపేశాక కూడా అలాగే వంగి ఉండిపోయారు. "ఏడాదంతా నిలబడ్డ బండిని విన్నాను" అన్నారు మెల్లగా. స్క్రూడ్రైవరు తుడిచి చిట్టి చేతికిచ్చారు.

కొత్త గొట్టం నాలుగు రోజుల్లో వచ్చింది. చిట్టే బిగించింది. ఇక ఎనిమిది పరీక్షలు పూర్తికావాలి. దానికో పద్ధతుంది: చల్లటి ఇంజను ఇంతసేపు ఊరికే తిరగాలి, ఇంత వేగం తగ్గకుండా, పెరగకుండా ఇన్ని నిమిషాలు పోవాలి, బ్రేకు వెయ్యకుండా నిదానంగా ఆగాలి. చిట్టి కాగితం మీద రాసుకుంటుంటే మా ఆవిడ లాక్కుని చదివింది.

"ఇదేగా నేను ఇరవై ఏళ్ళుగా జనం నెత్తిన కొడుతున్నది! తాళం ఇటియ్యి. నువ్వు పక్కన కూర్చో. బ్రేకు లేదు, భయపడకు."

నాలుగు రోజులు తల్లీ కూతురూ పొద్దున్నే వెళ్ళి ఎండ ముదిరాక వచ్చేవారు. ఇంటిముందు దిగాక కూడా మాట్లాడుకుంటూనే ఉండేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. రెండే సీట్లు కదా.

ఆఖరి శుక్రవారం గళ్ళచొక్కా ఆయన తీగ గుచ్చి, తెర చూసి, "ఎనిమిదికి ఎనిమిది" అన్నాడు. వెనక గొట్టంలో పొగ కొలిచి ముద్ర వేశాడు. "పొగ తగ్గింది, పొగరు తగ్గలేదు" అన్నాను చిలక వీపు నిమురుతూ. ఆయనకి నవ్వు రాలేదు. అందరికీ అన్నీ రావు.

ఇంటికొచ్చేసరికి టైర్లాయన షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు, జవాబు కోసం. మామగారు కుర్చీలోంచి లేవలేదు. "షెడ్డు గురించి నన్నడిగితే ఎలా? ఓనరు వస్తోంది, అడుగు" అని తాళంచెవి చిట్టి వైపు చాచారు. చిట్టి అందుకోబోయేంతలో మా ఆవిడ మధ్యలో లాక్కుంది. తాళంచెవికున్న పాత తుప్పు రింగు తీసేసి, తన కొత్త రింగు తగిలించి, అమ్మాయి చేతిలో పెట్టింది.

"తువ్వాళ్ళు నువ్వే ఉతుక్కోవాలి" అంది.

సోమవారం బస్టాండులో మైకు అందుకుని, "ఐదున్నర బస్సుకి రేడియేటరు పగిలింది, ఏడున్నరకి వస్తుంది" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి, "అయితే ఇంటికెళ్ళి భోంచేసి వస్తాను, థాంక్స్ సార్" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు షెడ్డు గోడకి చిట్టి ఒక చెక్క కొట్టింది. ఏ పానా ఎక్కడుండాలో దాని బొమ్మ గీసి, కింద నంబరు రాసింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పదో నంబరు కింద మాత్రం చిన్న అక్షరాలతో ఇంకో వాక్యముంది. గురువారం పొద్దున చిలక వంతెన వైపు వెళ్ళినప్పుడల్లా, నేను జేబుల్లో చేతులు పెట్టుకుని అది చదువుకుంటాను:

"నాన్న అడిగితే, ఎందుకో అడిగి ఇవ్వవలెను."